భుజం చెప్తది

ఇయ్యాల ముప్పై నాలుగోసారి సచ్చిన.
లెక్క నాది కాదు, ఓబులేసుది.
ఉల్లిగడ్డలు కోసుకుంట, నేను సచ్చినప్పుడల్లా
ఒక్కో పొట్టు పక్కకు జరుపుతుండు.

సోహార్ల శుక్రవారం. బయట నలభై ఆరు.
ఆరు మంచాల రూముల ఏసీ దగ్గుతుంది.
దేవిదాసు నెత్తిదాక దుప్పటి కప్పుకొని
నైట్ షిఫ్టు నిద్రల ఉన్నడు.
మిషను పాతది. ఇంటికి పోతున్న ఫిలిప్పీను వెల్డరు
పదిహేను రియాళ్లకు ఇచ్చిపోయిండు.
కంట్రోలరుల ఎడమ పుల్ల జర పక్కకు గుంజుతది,
అది కూడ కలుపుకొనే ఆడాలె.

వాని అసలు పేరు ఇంగ్లీషుల ఉన్నది, నోరు తిరగది.
నేను లంగరు దొర అంట.
మునిగిన ఓడల నుంచి లేస్తడు, నడుము దాక నాచు,
భుజం మీద మనిషంత లంగరు.
ఎత్తుతడు.
ఎత్తి, ఆగుతడు.
నేను పక్కకు దొర్లేదాక ఆగి, దొర్లి లేస్తుంటే
అప్పుడు కొడ్తడు.

దొంగ దెబ్బ అని తిట్టిన మొదట్ల.
నాది సైగల పని. పోర్టుల, ఎనభై టన్నుల క్రేను కింద.
పైన గుల్ జమానుకు సరుకు కనవడది, నా చెయ్యి కనవడ్తది.
పిడికిలి ముడిస్తే ఆగాలె, బొటనేలు లేపితే లేపాలె.
చెయ్యి అబద్ధమాడితే కింద మనిషి మిగలడు.
గందుకే చెయ్యినే నమ్మిన.
ఈడు చెయ్యితోనే అబద్ధమాడ్తడు.

"చెయ్యి కాదప్పా," అన్నడు ఓబులేసు, కత్తి ఆపకుంటనే,
"భుజం చూడు. పొట్టేలు కొమ్ముతో పొడవదు,
ఎనక కాలితో పొడుస్తాది."
రాయచోటి కాడ పందెం పొట్టేళ్లను మేపినోడు ఆయన.
కంట్రోలరు ఎన్నడు ముట్టలే.

చూసిన.
కొట్టే ముందు కుడి భుజం ఇంచంత కుంగుతది.
గొలుసు ఒక్కసారి కిర్రుమంటది.
ముప్పై నాలుగు సార్లు నా కండ్ల ముందలే జరిగింది గిది.

లంగరు దొరను చేసినాయనా,
నువ్వెవరో, ఏ దేశమో,
ఆ కిర్రు ఎక్కడ పెట్టాల్నని ఎన్ని రాత్రులు కూసున్నవో.
గెలవరాకుంట చేసుడు ఎంత సేపు?
రెండు అంకెలు మారిస్తె అయిపాయె.
సచ్చినోనితోని తప్పు నాదే అనిపించుడు,
అనిపించి మల్లా లేపుడు, గది పని.

కని ఒక్క మాట అడుగుత.
సచ్చినప్పుడల్లా ఆ దీపం కాడ లేసి
వాని గుమ్మం దాక మల్లా నూటపన్నెండు మెట్లు ఎందుకు?
మా బస్సు క్యాంపు గేటు కాడ ఆపకుంట
ఎండల అర కిలోమీటరు నడిపిస్తరు, గట్లుంది.
అది కష్టం కాదు, ఉత్త అలుపు.
రెండిటికి తేడా నాకే తెలిస్తే
నీకు తెల్వకపాయెనా?

సగం పానం పోయినంక దొర లంగరు పారేస్తడు.
ఉత్త గొలుసుతోని మీదికొస్తడు.
నేర్చుకున్నదంత గంగల కలిసిందనుకున్న.
ఇంకో ఐదు పొట్లు పక్కకు జరిగినై.
ఆరోసారి కండ్లు కాదు, చెవి పెట్టిన.
లంగరు ఎత్తుడు, గొలుసు తిప్పుడు, ఒకటే తాళం.
కొత్త అంగి ఏసుకున్న పాత మనిషి వాడు.

పడ్డడు.
మోకాళ్ల మీద, నీళ్లల్లకు, మెల్లగ.
సంబురం రాలే. చేతులకు చెమట.
ఇగ ఆ జాగంత ఖాళీ, అలల చప్పుడొక్కటే,
యాడికి దొర్లాల్నో తెల్వక ఊకెనే ఒకసారి దొర్లిన.

దేవిదాసు దుప్పట్ల నుంచి తల తీసి
"అయిపాయెనా? నేను చూడలే. మల్లా కొట్టు" అన్నడు.
మల్లా లేవడన్నా వాడు.

ఓబులేసు పొట్టంత చాటలకు ఎత్తుతుంటే
ఒకటి మంచం కిందికి ఎగిరింది.
"ముప్పై తొమ్మిదా, నలభయ్యా?"
తెల్వది.
పొయ్యి మీద ఏందో మాడుతున్న వాసన.