నోటిపూత

నోరు పూసింది అంటాం మనం.
పుండుకి పువ్వు పేరు
ఎవరు పెట్టారో, ఏ కసితో పెట్టారో.

బెలేం ఆసుపత్రి మూడో అంతస్తులో
మందు ఎక్కించిన ఏడో రోజుకి
డియోక్లేసియో నోరు పూసింది.
పెదవి లోపల, నాలుక అంచుల వెంట
తెల్లగా విరగబూసింది.
ఉమ్మి మింగాలన్నా
మంచం కమ్మీ పట్టుకోవాలి.

నలభై ఏళ్లు ఆ నోటితోనే బతికాడు.
పడవలు ఒడ్డుకి తగిలే చీకటి వేళ
చేపల రేవులో కేక వేస్తే
అవతలి గట్టున కుక్కలు లేచేవట.
"తుకునారే! కన్ను చూసి కొనండి, కన్ను చూసి!"
నోరున్నవాడిదే బేరం అక్కడ.
ఇప్పుడు పలక మీద రాస్తున్నాడు.
'నీళ్లు' అని రాసి
కొట్టేసి
'వద్దు' అని రాశాడు.

పళ్ల డాక్టరు జుసారా
వాన వెలిశాక వస్తానంటుంది.
ఆ ఊళ్లో గడియారం కంటే వానే నమ్మకం,
రోజూ మధ్యాహ్నం డ్యూటీకి దిగుతుంది.
చేతిలో లావుపాటి కలం లాంటిది,
మొనకి పల్చని ప్లాస్టిక్ పొర.
ఆకుపచ్చ కళ్లద్దాలు అతనికొకటి, తనకొకటి.
"తెరవగలిగినంతే తెరువు."

ఎర్రటి చుక్క.
దానిమ్మ గింజంత.
కాల్చదు, కొయ్యదు,
అసలేమీ చెయ్యనట్టే ఉంటుంది.
ఉం, దోయిస్, త్రేస్... పైకే లెక్కపెడుతుంది.
పది కాగానే పక్క చోటికి.
వల బాగుచేసేవాడు
ఒక్కో కన్ను దగ్గర ఆగి కదిలినట్టు.
బయటినుంచి చూస్తే బుగ్గ వెలుగుతోంది,
చిన్నప్పుడు టార్చిలైటుని
గుప్పిట్లో మూసుకున్నట్టు.

'ఏమీ తెలీటం లేదు. మోసం' అని రాశాడు.
"నిన్నటి ఐసు చేపని
తాజా అని నువ్వమ్మలేదా?" అందామె.
నవ్వబోయాడు. నవ్వు కూడా పుండే.

కణాల్లో చిన్న చిన్న పొయ్యిలుంటాయట.
ఈ ఎరుపు తగిలితే
కాస్త ఎగదోసినట్టు అవుతుందట.
"నొప్పంతా తీసేస్తానని చెప్పను,
కొన్ని రోజులు తగ్గొచ్చు."
'ఎన్ని?'
"నాతో బేరాలొద్దు."

రాత్రి మార్ఫిన్ నిద్రలో చేపలు.
తడి బల్ల మీద
నోరు తెరిచి, మూసి, తెరిచి.
అవి గాలి కోసం కాదేమో,
ఏదో ధర చెప్పబోతున్నాయేమో
అనిపించిందట. తర్వాత చెప్పాడు.

పదకొండో రోజు
పక్క బల్ల ఒస్మరీనో వచ్చాడు,
ముఖానికి మాస్కు, చేతుల్లో పోని చేపవాసన.
ఇరవై ఏళ్ల పోటీదారు.
ఏం మాట్లాడాలో తెలీక
గోడనీ సెలైన్ చుక్కల్నీ చూసి చూసి
"నీ సరుకు నేనే అమ్మిపెడుతున్నాలే,
పెద్ద ఫిల్యోచి ఇవాళ
కిలో ముప్పైకిచ్చేశా" అన్నాడు.

"ముప్పైకా!"

గది మొత్తం అటు తిరిగింది.
బొంగురుగా, కొంచెం నెత్తురుతో,
పూత రాలిన చోట
మొదటి పిందె ఆ మాట.

వెలుగు చేసిన పనో
రక్తంలో తెల్లకణాలు తిరిగొచ్చాయో
ముప్పై రూపం దాల్చిన కోపమో,
జుసారా కాగితంలో ఏదీ తేల్చి రాయలేదు.
'మాట వచ్చింది' అని రాసి తేదీ వేసింది.

ఆ సాయంత్రం వాన వెలిశాక
కళ్లద్దాలు పెట్టుకుని వచ్చింది.
తెరువు అనాల్సిన పని లేకపోయింది.
ఒస్మరీనోకి చేపల ధరలు రాదని,
వాడి తాతకీ రాదని,
నలభై రెండుకి తగ్గితే నదిలో పారెయ్యడమే మేలని
చెబుతూనే ఉన్నాడు.
చుక్క పెట్టడానికి
నాలుక ఒక్కచోట నిలవక
మూడుసార్లు
ఒకటి నుంచి మళ్లీ లెక్కపెట్టింది.