కునుకు

ఫిబ్రవరి. గ్లాస్గోలో ఐదింటికే దీపాలు.
కెల్విన్ నది మీద వాన అడ్డంగా కురుస్తోంది.
మోరాగ్ పై పెదవి మళ్ళీ పేలింది.
"మా అద్దెవాడు నిద్ర లేచాడు, తయారూ" అంది
రుమాలు అడ్డం పెట్టుకుని.

నా పేరు తాయారు.
ఆమెది గేలిక్ మాట్లాడే దీవి, అందుకని 'త' చెడదు,
దీర్ఘం ఒక్కటే రాలిపోతుంది.
మిగిలినదానికి మా భాషలో ఇంకో అర్థం ఉందని
నాలుగేళ్ళుగా చెప్పలేదు.
పిలిస్తే తిరుగుతాను.

నేను వెతికేది అలా తిరగదు.

లక్షా యాభై రెండు వేల అక్షరాల పొడుగు
ఆ వైరస్ రాత. చుక్క లేదు, ఖాళీ లేదు,
నాలుగే అక్షరాలు మార్చి మార్చి.
అందులో మూడంటే మూడు చోట్ల
ఇక్కడ మొదలుపెట్టు అని ఉంటుంది.
చదివే ప్రోటీనుకు కళ్ళు లేవు.
దాని నంబరు తొమ్మిది. జంటగా వస్తుంది.
మెలిక గాడిలో తడుముకుంటూ పోతుంది,
కరెంటు పోయిన రాత్రి
గుత్తిలోంచి బీరువా తాళంచెవిని ఏరినట్టు.

సీ జీ టీ టీ సీ జీ సీ ఏ సీ టీ టీ.
బస్సులో గొణుక్కుంటాను.
ఒకసారి పక్కావిడ లేచి వేరే సీట్లో కూర్చుంది.

బడిలో వికటకవి నేర్పారు, పులుపు నేర్పారు,
ఎటు చదివినా అదే మాట.
ఇది ఇంకో తరహా.
పై పెదవిని ఎడమ నుంచి చదవాలి,
కింది పెదవిని కుడి నుంచి.
రెండూ దాదాపు ఒకే మాట అంటాయి,
నోరు మూసుకునే.
నడుమ అన్నీ ఏలూ టీలూ, రెండేసి ముడులే,
వదులు కుట్టు.
తొమ్మిదోది రెండు వైపులా పట్టి మెలిపెడితే
విడేది అక్కడే.
విడిన పోగులు మళ్ళీ అతుక్కోకుండా
పట్టుకోవడానికి ఇంకొకరు వస్తారు. అది వేరే కథ.

నిన్న రాత్రి జెల్ పోశాను.
భాస్వరం అంటించిన పోగు దగ్గర
గీగర్ పెట్టె పేలాలు వేయించింది.
ఒక వరసలో అసలు మాట.
పక్క వరసలో ఒక్క అక్షరం మార్చిన మాట,
జీ ఉండాల్సిన చోట టీ.

ఎర్రదీపం గదిలో ఫిల్మ్ తేలింది.
మొదటి వరసలో నల్లగీత పైనే ఆగింది,
తోడు దొరికిన పోగు మెల్లగా నడుస్తుంది, బరువు కదా.
రెండోది అడుక్కి జారిపోయింది,
సందులో ఎవరూ పలకరించని మనిషిలా, గబగబా.

"ఇంత శుభ్రమైన ఫలితం ఎప్పుడో గాని రాదు" అన్నారు మకాస్కిల్ గారు.
నిజమే. సంతోషించాను.
చేతులు కడుక్కుంటుంటే మాత్రం అనిపించింది,
ఒక్క అక్షరానికి ఇంత పట్టింపా,
ఈ ఊరికి కూడా ఇంత పట్టింపు ఉండి ఉంటే
నేను ఏ వరస అడుగున ఉండేదాన్నో.

మోరాగ్‌కు ఫిల్మ్ చూపించాను.
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
చాలాసేపు చూసింది, ఎవరిదో పాత ఫోటోలా.
ఆమెకు ఇది ఏడేళ్ళప్పుడు వచ్చిందట.
స్టోర్నవేలో ఏదో పెళ్ళి. పిన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది,
పెదవి మీద పొక్కుతోనే.
"ఆవిడ పోయి నలభై ఏళ్ళు.
ఇల్లు అమ్మేశారు, పడవ అమ్మేశారు.
ఆ ముద్దు ఇంకా నా దగ్గరే ఉంది."

దీనికి ఏమనాలో ప్రోటోకాల్ పుస్తకంలో లేదు.

దవడ పైన, ఎముక చాటు నరాల ముడిలో
చుట్టుకుని పడుకుని ఉంటుంది,
రాతంతా ఉండీ చదివేవాళ్ళు లేక.
కునుకు. ఎటు నుంచి చదివినా కునుకే.
ఒక జ్వరమో, సముద్రపు గాలో, నిద్రలేని వారమో వస్తే
తొమ్మిదోది పుడుతుంది,
తన పదకొండు అక్షరాలను తడుముకుంటూ బయల్దేరుతుంది.
అది నా గురించి ఎన్నడూ వినలేదు.
నేను దాని గురించే తింటున్నాను.

ఆమె కప్పును విడిగా కడిగి బోర్లించాను.
కోటు గుండీలు పెట్టుకుంటూ మెట్ల మీంచి పిలిచింది,
"తయారూ?"
రెండు అర్థాలకీ కలిపి
ఊ కొట్టాను.