నాలుగో గడి

రికార్డు గదికి కిటికీ ఒక్కటే.
సముద్రం కనపడదు గానీ
ఉప్పుగాలి రోజూ వచ్చి హాజరు వేయించుకుంటుంది.
బీరువా తలుపు తీస్తే దోసెడు తుప్పు.

పాతవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు.
ముక్కుకి కొంగు చుట్టుకుని
కాలేజీ మొదటి రిజిస్టరు విప్పాను.
పేరు, ఊరు, పుట్టిన తేదీ.
నాలుగో గడి, తండ్రి వృత్తి.

కరణం. ప్లీడరు. కరణం.
దివాణంలో గుమాస్తా. కరణం.
ఇరవై ఏళ్లపాటు ఈ కాకినాడలో
ఇంకెవరికీ కొడుకులు పుట్టనట్టే.

బయట ఓడలు దూరాన లంగరేసి ఉండేవి.
జగన్నాథపురం రేవులో బస్తాలు దించి దించి
వీపులు కాయలు కాసేవి.
ఆ వీపులకి నాలుగో గడి లేదు.

ఆరో రిజిస్టరు, నూట పన్నెండో పేజీ.
పినపోతు గంగులు. సరంగు.
'స' మీద పెద్ద సిరా మరక.
"ఏంటీ, మళ్లీ చెప్పు" అంటూ
గుమాస్తా కలం అక్కడే ఆనించి ఉంచాడేమో.
పురుగులు ఆ పేజీలో ప్లీడర్లందర్నీ తినేశాయి,
మరక జోలికి పోలేదు.
చిరునామా: లాకు దగ్గర, పడవలో.
అంచున పెన్సిలుతో, ఫీజు బాకీ మూడు రూపాయలు.
దాని పక్కన ఇంకెవరిదో రాత:
తుఫాను. మానేశాడు.
బాకీ మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.

తరవాతెప్పటికో గడి నిండటం మొదలైంది,
కాలువ వదిలిన రోజు బోదెలోకి నీళ్లొచ్చినట్టు
ముందు బురదగా, ఆగి ఆగి.
ఉప్పు కొఠారు కూలి. దర్జీ. గీత పని.
జట్కా. రిక్షా.
రొయ్యల చెరువు కాపలా.
ఒకచోట 'లేడు' అని రాసి, కొట్టేసి
కింద, 'అమ్మ. చేపల గంప.'
తల్లికి గడి లేని రోజులవి.
ఏ పిల్లో బల్ల దగ్గర గట్టిగా పోట్లాడి ఉంటుంది.

నా పేజీ కూడా దొరికింది.
వెతకలేదు, దొరికింది.
గంట కొట్టుట.
ఈ కాలేజీలోనే అని రాయించలేదు నాన్న.
నాకు లెక్కలు ఆఖరి పీరియడ్ అయిన రోజు
ఆయన గంట ఒక నిమిషం ఆలస్యం.
మేస్టారు సుద్దముక్క ఆపకుండానే
నా వంక చూసి నవ్వేవారు.

కొత్త ఫారంలో ఆ గడి తీసేశారు.
వార్షికాదాయం, అంకెల్లో.
గంగులు వాళ్ల నాన్నకి ఎంత వెయ్యను?
తెర మీద గీత ఆరుతూ వెలుగుతూ అక్కడే నిలబడింది,
ఖాళీగా వదిలితే ముందుకి పోనివ్వదు.

మూడు, అని నొక్కాను.