తడి లేదు

రబ్బరు గట్టిపడ్డది.
గోటితో గిచ్చితే
ఎండిన గొర్రెతోలు లెక్క పెళుసుగ ఇరుగుతున్నది.
మొన్నటి వానకు పరుపు మీద
కిటికీ ఆకారంలనే ఓ మడుగు.
సోమశిల కాడ కృష్ణ నిండినంక
బండిలనే పండుకొని చూడాలని మణెమ్మ ముచ్చట.
"అమ్ముతవా, బీడింగు మారుస్తవా,
ఏదో ఒకటి చెప్పు" అన్నది
దుప్పటి పిండుకుంట.

దేవరకొండ రోడ్డు మీద, టైర్ల కొట్టు పక్కన
షుకూర్ భాయ్ అద్దాల షెడ్డు.
నా మెటడోరు చుట్టూ తిరిగిండు,
సంతల ముసలెద్దును చూసినట్టు.
పండ్లు చూస్తడేమో అనుకున్న.
"ఈ సైజు ఇప్పుడు రాదన్నా."
అయినా నాలుగు రోజులకు, బస్సు టాపు మీద,
చుట్ట చుట్టుకున్న జెర్రిపోతు లెక్క
నల్ల రబ్బరు వచ్చింది.

లోపలి నుంచి పెదవి కోసిండు, కత్తి కొంచెం వాల్చి.
ఎల్లకిల పండుకొని
రెండు అరికాళ్లతో అద్దాన్ని మెల్లగ తోసిండు,
పసిపిల్ల తన్నినట్టు.
బయట నేను చేతులు చాపి నిలబడ్డ.

గాడి నిండ బూడిదరంగు రాతిపొడి,
జల్లెడ పట్టిన పిండి లెక్క.
ఏ బండదో నన్నడగండి.
ఇరవై రెండేండ్లు బోరు లారీ ఎనక
ఈ బండే మాకు ఇల్లు, వంటిల్లు.
మర్రిగూడ, చండూరు, నాంపల్లి, చింతపల్లి,
బిట్టు దిగుతుంటే లేచిన దుమ్మంత
ఈ సందులల్ల దాసుకున్నది.
ఓ పల్లికాయ పొట్టు. సగం కాలిన అగ్గిపుల్ల.
రబ్బరు కింద, వేలెడు వెడల్పున,
చిలుకపచ్చ!
మర్చిపోయిన నేను.
తెలుపు, పసుపు, మళ్ల తెలుపు,
మూడుసార్లు రంగేసినం దీనికి.
ఎండ తగలని కాడ కొత్తగనే ఉన్నది ఇంకా,
వాచీ తీసిన మణికట్టు లెక్క.

"మూల కాడ అతుకు పెట్టొద్దు, పైన నడుమ పెట్టాలె.
కొలతకు రెండేళ్లు ఎక్కువనే కొయ్యి,
రబ్బరుకు సిగ్గెక్కువ, చలికి ముడుచుకుంటది."
గాడిల నైలాను తాడు చుట్టి, సబ్బునీళ్లు పూసి
బయట నుంచి నేను అరచేత్తో గుద్దుత,
లోపల ఆయన తాడు గుంజుతడు.
అంగుళం అంగుళం
పెదవి ఇనుము మీదికెక్కుతది.

మణెమ్మ లోపల కూసున్నది టార్చిలైటుతోని.
షుకూర్ భాయ్ మనుమరాలు పైపు పట్టింది.
మొదటి కిటికీ.
"తడి లేదు."
రెండోది. లోపలి నుంచి అదే మాట.
"తడి లేదు."

ఈ మాట నేనెన్నిసార్లు చెప్పిన్నో.
మూడు వందల అడుగులు, తడి లేదు.
నాలుగు వందల యాభై, తడి లేదు పటేలా, ఆపుదమా?
ఆడోళ్లు కొబ్బరికాయ చేతుల పట్టుకొని
కొట్టాల్నా వద్దా అని నా మొఖం చూసేటోళ్లు.
నేను రాడ్లు లెక్కపెట్టుకునేటోన్ని.
నాంపల్లి కాడ ఒకామె
"ఇంకొక్క రాడ్డు" అని
ముక్కుపుడక తీసి నా చేతుల పెట్టింది.
దించినం.
దుమ్మే.

మూడో కిటికీ. "తడి లేదు!"
పైపు సప్పుడుల ఆమె గొంతు ఎంత సంబురంగ ఉన్నదో.
నవ్వబోయి, ఎందుకో
కిందికి చూసిన,
రాడ్లు లెక్కపెడుతున్నట్టు.

నాలుగోది.
కొద్దిసేపు ఏ మాటా లేదు.
తర్వాత అద్దం అవతల మణెమ్మ,
పండ్లన్నీ కనబడేటట్టు:
"ఓ... గంగ పడ్డది!"

అతుకు కాడ కాదు, కింది మూల కాడ,
ఆవగింజంత.
షుకూర్ భాయ్ నెత్తి కొట్టుకున్నడు.
పిల్ల పైపు బందు చేసుడు మర్చిపోయింది.
నేను లోపలికి పోయి
ఆ బొట్టును వేలి మీదికెత్తుకొని
కొబ్బరికాయ కోసం అటు ఇటు చూసిన.
షుకూర్ భాయ్ అప్పటికే
తాడు ఎతుకుతున్నడు.