చివరి వరస

షికాగోలో, నది పక్కన, ఆ పెద్ద ఒపేరా హాల్లో
పై బాల్కనీ నాది.
అంటే, టిక్కెట్టు చూసి కుర్చీ చూపించే పని నాది.
తలుపులు మూశాక వెనక గోడకి ఆనుకుని
పదకొండేళ్లుగా నిలబడే వింటున్నాను.

అక్కణ్ణించి మార్గిట్ హాల్వర్సన్ బొటనవేలంత.
మొహం ఆనదు. గొంతు మాత్రం
డెబ్భై వాయిద్యాల మీదుగా, మైకు లేకుండా,
మూడువేల ఉన్ని కోట్లు పీల్చుకోగా మిగిలింది
ఇత్తడి అంచులా వచ్చి తగిలేది.

ఒకసారి క్యాంటీన్లో, లవంగం బుగ్గన పెట్టుకుని చెప్పింది:
"హల్లులకి బరువెక్కువ. మీ మెట్లు ఎక్కలేవు.
అచ్చుల్నే పంపిస్తాను పైకి.
'ఈ'ని కాస్త 'ఊ' వైపు వంచుతాను,
లేకపోతే దార్లో చీలిపోతుంది."

మా పెదనాన్న గుర్తొచ్చాడు.
మైకులు రాని రోజుల్లో రాజు వేషం కట్టి
పద్యం చివరి అక్షరాన్ని
పెట్రోమాక్స్ వెలుగు దాటించి, చాపలన్నీ దాటించి,
వేరుశనక్కాయలమ్మే మనిషి దాకా సాగదీసేవాడు.
సంగీతమనుకున్నాం.
అందులో సగం దూరమే.

జనవరిలో విస్కాన్సిన్‌లో ఒక పాల ఊరు.
కింద ఫైర్ స్టేషన్, పైన ఒపేరా హౌస్.
కప్పు కారుతోందని విరాళాల కచేరీ.
రెండువందల ఎనభై చెక్క కుర్చీలు,
ప్రతి దాని కిందా టోపీ పెట్టుకునే తీగ.
నేను టిక్కెట్టు కొనుక్కుని
జీవితంలో మొదటిసారి కూర్చుని విన్నాను.

నోరు తెరిచిందో లేదో
ముందు వరసలో పిల్లాడు చెవులు మూసుకున్నాడు.
కిటికీ అద్దమొకటి గీమంది.
ఆమె ఆపలేదు. రెండో చరణానికల్లా
తడిసిన పెద్ద గొడుగుని ఇంట్లోకొచ్చి ముడిచినట్టు
గొంతుని పక్కటెముకల దగ్గరికి లాక్కుంది.

అప్పుడొచ్చాయి హల్లులు,
ఇన్నేళ్లూ మెట్ల కింద ఆగిపోయినవన్నీ.

'మోర్తె' అంది.
పదకొండేళ్లు నాకది 'ఓ... ఏ...',
ఎవర్నో రమ్మంటున్న గుండ్రటి పిలుపు.
పైన చిన్న తెర మీద అర్థం రాసే ఉండేది.
చదివాను కూడా.
మధ్యలో 'ర' వణికి, నాలుక పళ్లకి తగులుతుందని,
ఇంగ్లీషు 'ట' కాదు, అచ్చం మన 'త',
చావుకి అంత చిన్న చప్పుడు చాలని
వినలేదు.

చిన్న హాలు దయగలదేం కాదు.
ఊపిరి దొరికిపోయింది.
దిగే స్వరంలో సన్నటి జీర దొరికిపోయింది.
కింద ఫైరింజను గంటతో బయల్దేరితే
ఆగి, నవ్వి, దాన్ని మూల మలుపు దాటనిచ్చి,
అదే ఊపిరి మీద అందుకుంది.
పిల్లాడు చేతులెప్పుడు దించాడో చూడలేదు.

మంగళవారం మళ్లీ నా గోడ, నా టార్చిలైటు.
కింద బొటనవేలు. మళ్లీ 'ఓ... ఏ...'
ఎంత పెద్ద గొంతు, ఎంత జాగ్రత్తగా గుండ్రం చేసి పంపింది!
ఆ మధ్య ఖాళీలో ఇప్పుడు 'త' నేనే పెట్టుకుంటున్నాను,
చీకట్లో, నాలుక పళ్లకి ఆనించి.

ఆలస్యంగా వచ్చినావిడ గుసగుసగా అడిగింది,
ఏమన్నారని.
ఏం లేదమ్మా.
మీ కుర్చీ అటు.