ఆనించి చూడు

పద్నాలుగో పేజీ, మూడో వరుస:
"బేరింగ్ హౌసింగును షాఫ్టుకు సమర్పించుము."

నవ్వు ఆగక
టీ కప్పు బెంచీ మీద పెట్టేశాను.
హడర్స్‌ఫీల్డులో మేం బిగిస్తున్న ఈ పంపు
వచ్చే వేసవికి ఎక్కడో మన మెట్ట పొలాలకు నీళ్లెత్తాలి.
దాని వెంట వెళ్లే పుస్తకాన్ని
ఎవరో నిఘంటువు పక్కన పెట్టుకుని తెలుగు చేశారు.
"నీ భాషే కదా, ఓసారి చూడు" అని
ఆఫీసు మేడ దిగొచ్చి ఇచ్చి పోయింది జిలియన్.

పాపం, వాళ్లని అనడానికి లేదు.
మొదటిరోజు నేనూ అలాగే నిలబడ్డాను
తొమ్మిది కిలోల పోత ఇనుము చేతుల్లో పట్టుకుని.
"ఆఫర్ ఇట్ అప్, లవ్" అన్నాడు నార్మన్ ఆక్రాయిడ్.
ఆఫర్ అంటే నాకు తెలిసినవి రెండే:
బట్టల కొట్టు అద్దం మీద సగం ధర,
దేవుడి ముందు పళ్లెం.
ఎవరికివ్వాలి దీన్ని? ఎంత తగ్గించి?
నవంబరు. ఉదయం ఆరు.
కాలువ మీంచి వచ్చిన చలి
షట్టరు కింద నుంచి పాక్కుంటూ వచ్చి
నా బూట్ల దగ్గర కూర్చుంది.

అతను వివరించలేదు.
నా చేతుల కింద తన చేతులు పెట్టి
హౌసింగుని షాఫ్టు అంచుదాకా తీసుకెళ్లి
ఆపాడు.
బోల్టు లేదు, సుత్తి లేదు.
టార్చి వేసి సందులోకి చూశాడు.
వెనక్కి తీసేశాడు.
అంతే, ఆ మాటకి అదే అర్థం.
ఇవ్వడం కాదు,
ఇవ్వబోయి, అవతలిది ఏమంటుందో కనుక్కోవడం.

ఇనుము ఒప్పుకోకపోవచ్చు. ఆ హక్కు దానికుంది.
ఒప్పుకోనిదాన్ని బోల్టుతో ఒప్పిస్తే
ఆ రోజుకి బాగానే తిరుగుతుంది.
మూడు నెలలకి వేడెక్కుతుంది, ఆర్నెల్లకి అరుస్తుంది,
ఏ అర్ధరాత్రో
ఎవరి చేనో సగం తడిసి ఉండగా ఆగిపోతుంది.

అందుకే ఒక ముఖానికి నీలం రాసి
రెండోదానికి ఆనిస్తాం.
నీలం అంటిన చోటల్లా మిట్ట.
ఆ మిట్టల్నే గీకాలి, వెంట్రుకలో పదోవంతు.
మళ్లీ నీలం. మళ్లీ ఆనించడం.
మా అమ్మమ్మ నైవేద్యం కూడా
ఏ రోజూ తరగకుండానే తిరిగొచ్చేది,
మర్నాడు మళ్లీ పెట్టేది.

ఆక్రాయిడ్ నా చెవికి ఎప్పుడూ ఆకురాయే.
నలభై ఒక్క ఏళ్ల అరుగుదల.
మాటలు కూడా రజను రాలినట్టు, కాస్త కాస్త.
తుంటి కీలు మార్పించుకుని వచ్చిన వారం
చేతికర్ర బెంచీకి చేరేసి చెప్పాడు:
"ముందు నమూనా గుండు పెట్టి
కాలు అటూ ఇటూ తిప్పారట హైమా,
అసలుది ఆ తరవాతే.
వాళ్లూ ఫిట్టర్లే. మనకన్నా శుభ్రమైన బట్టలు."

పెన్ను తీసి సమర్పించుముని కొట్టేశాను.
మరి ఏం రాయాలి?
గాజువాక ఐటీఐలో
వైస్ పక్కన నిలబడి పైడయ్య మాస్టారు గదమాయించేవారు:
"బిగించీకు. ముందల ఆనించి సూడు."

చూడు.
మన భాషలో ప్రతి ప్రయత్నం చివరా ఒక కన్ను ఉంది.
తిని చూడు, అడిగి చూడు.
పాటని కూడా విని చూస్తాం.
కరెంటు పోయిన రాత్రి అగ్గిపెట్టె కోసం
తడిమి చూస్తాం, ఏమీ కనబడకపోయినా.
ఇంగ్లీషులో ఈ కన్ను ఎక్కడుందో
నార్మన్ టార్చి దగ్గర తప్ప నాకింకా దొరకలేదు.

రాశాను:
"ఆనించి చూడండి. ఇంకా బిగించవద్దు."
వద్దు కింద రెండు గీతలు.

జిలియన్ మళ్లీ దిగొచ్చింది.
తెలుగు చదవలేదు గానీ కొలవగలదు.
"ఒక్క మాట ఉన్నచోట నాలుగు.
ఇంత చిన్న గడిలో పడతాయా?"

కాగితం మీద కాగితం పెట్టి
కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.
కుడివైపు, కొంచెం,
సందు కనబడుతోంది.