ఆరడుగులు

కొత్తపేట షాపులో జానీబాషా టేపు లాగాడు:
"ఇప్పుడు అరచేయంత. ఏడాదికి అడుగు దాటుద్ది.
తోక మడవకుండా తిరగాలి సార్.
ఆరడుగులు! తగ్గితే అద్దాన్నే గుద్దుద్ది."

ఆరడుగులంటే అయిదొందల లీటర్లు,
అరటన్ను.
మాది మేడ మీద అద్దె వాటా.
సుగుణమ్మగారు ముందు శ్లాబు గురించి ఏడుస్తారు,
తర్వాతే చేప గురించి అడుగుతారు.

గోడ కొలిచాను.
మంచం తీస్తే పడుతుంది.

రెండడుగుల తొట్టిలో ఫ్లవర్‌హార్న్
నుదురు ఉబ్బించుకుని
అద్దంలో తన మీదికే తాను దూకుతోంది.
మేత వేసే వేలు కొరికింది నిన్న.
"దాని తప్పేముంది, ఇరుకు" అంది హైమ,
వంటగదిలో నాకు దారివ్వడానికి
ఫ్రిజ్జుకి అతుక్కుపోతూ.

మంచం జానీబాషా తమ్ముడే కొనుక్కున్నాడు.
తొట్టి నిండడానికి మూడు రోజుల కుళాయి పట్టింది.
చాప మీద పడుకుని
తోక తిరగడం చూస్తున్నాం,
మోకాళ్ళు ముడుచుకుని ఇద్దరం.